కుడికాలి డ్యూటీ

పెద్దకాపర్తి దాటినంక ఆగింది రోడ్డు.
ముందట సిమెంటు ట్యాంకరు,
దాని ముందట ఇంకో ట్యాంకరు,
చిట్యాల బ్రిడ్జి పని దాకా
ఎర్రలైట్ల దండ.

ఇరవై తొమ్మిదేండ్లు నల్గొండ డిపోల
క్లచ్చి తొక్కిన ఎడమకాలు నాది.
మోకాలిచిప్ప అరిగిందని
రిటైరైన నెలకే చెప్పిండ్రు.
ఇప్పుడీ కార్ల దానికి పనే లేదు,
పంచాయతీకొచ్చిన పెద్దమనిషి లెక్క
చాపుకొని కూసుంది.

ఎన్క సీట్ల కండ్ల డాక్టరమ్మ
నిద్రవోయేముందు చెప్పింది:
"ఆ మీట నొక్కు లింగస్వామీ,
ఇగ అదే ఆగుతది, అదే పోతది."

నిజమే.
ట్యాంకరు కదిల్తే కదిలింది,
ఆగితే ఆగింది,
కొంగు పట్టుకున్న పోరడి లెక్క.
మెచ్చుకోవద్దా? మెచ్చుకున్న.
నా మోకాలైతే దండమే పెట్టింది.

అయినా పొద్దుగాల బయలెల్లేటప్పుడు
తడిబట్టతోని దాని కండ్లు తుడిచిన,
అద్దం మీదిదొకటి, బంపర్ల దాసుకున్నదొకటి.
దుమ్ము పడ్డంక ఎవ్వరి కన్నైతేంది.
సందు ఎంత ఉంచాలె అని అడిగితే
నాలుగు గీతలకు నాలుగూ పెట్టిన.
ఆ సందుల ఆటోలు దూరినయి,
పాల క్యాన్ల బండి దూరింది,
ఎన్కోడు హారను కొట్టి కొట్టి అలిసిండు.
దూరనీ.
రోడ్డు మా అయ్య జాగీరా.

పక్క లైన్ల ఇసుంటి కారే.
పిలగాడు రెండు చేతులతోని బిర్యానీ తింటుండు,
ఒళ్లె ఫోను, ఫోన్ల క్రికెట్టు.
నేను చూస్తున్నట్టు చూసి
బొటనేలు లేపిండు.

చేతులు స్టీరింగు మీద పెట్టుమని
జరసేపటికోసారి నా కారు యాది చేస్తది.
తీసిందెప్పుడు, తల్లీ?

ఎండ. డివైడరు మీద గన్నేరు పూలు.
బండ్ల నడుమ బత్తాయిలమ్మే ఈదమ్మ,
ఆమె పేరు తర్వాత తెలిసింది,
నెత్తిన గంప, ముంజేతికి సంచులు.
ఆమె కొడుకు, తొమ్మిదేండ్లుంటయేమో,
అద్దాలు కొట్టుకుంట
"కిలో ఎనభై, కిలో ఎనభై."
ట్యాంకరు క్లీనరు కొన్న సంచి చినిగి
ఒక కాయ దొర్లి దొర్లి
మా బంపరు కిందికొచ్చింది.
పోరడు వంగిండు.
వాని ఎర్రటోపి కనపడ్డది,
తర్వాత అదీ లేదు.

అదే గడియల ట్యాంకరు కదిలింది.

కారు చూసింది ట్యాంకరును.
తెర మీద పచ్చగీత వెలిగింది.
ఇంజను గొంతు సవరించుకుంది.
కుడికాలు అప్పటికే దిగింది.

ఎవ్వరు చెప్పిండ్రు దానికి? నేనైతే చెప్పలే.
ఎన్నడో సూర్యాపేట బస్టాండుల
రివర్సు తీస్తుంటె, ఎన్క చక్రం కాడ
తెగిన చెప్పు ఏరుకుంటున్న ముసలామె,
కండక్టరు జహంగీరు కొట్టిన ఈల.
ఆ ఈల ఇంకా ఈ కాల్లనే ఉన్నట్టుంది.

కారు జానెడు ఉరికి ఆగింది.
తెర మీద ఏందో రాసింది, చదవలే.
పోరడు కాయ పట్టుకొని లేసిండు,
లాగుకు తుడుసుకుంట
నా అద్దం కాడికొచ్చి
"కిలో ఎనభై" అన్నడు.

డాక్టరమ్మ లేసింది. "ఏమైంది?"
"ఏంలేదమ్మా. బత్తాయిలు కొందమా?"

చిట్యాల దాటినంక చెప్పిన.
శానసేపు మాట్లాడలే ఆమె.
"మంచి కంట్ల గూడ
ఆవగింజంత జాగల ఏం కనపడదు లింగస్వామీ,
నరం బయటికి పోయే జాగ అది.
కనపడ్తలేదని గూడ మనకు తెల్వదు."
నాకు సగమే సమజైంది.

మళ్ల జామ్. మీట మళ్ల నొక్కిన,
మోకాలు ఊకుంటదా మరి.
ఎడమది చాపుకుంది.
కుడిది బ్రేకు మీద,
తాకీ తాకనట్టు,
నార్కట్‌పల్లి దాకా.
కారు నిండ బత్తాయి తొక్క వాసన.