చెంచా సాసర్లోనే

తూర్పు ఫ్రీసియాలో నేల సముద్రం కన్నా పల్లం.
కరకట్ట మీది గొర్రెలు
ఆకాశాన్ని మేస్తున్నట్టుంటాయి.
హామ్‌సీల్ ఊరి చివర
ఒక బోదెకాలువ హద్దు తేల్చమని నన్ను పంపారు.
అటు టొమ్మా పొలం, ఇటు ఐలర్ట్ పొలం.
అక్కాతమ్ముళ్ళు.
పదకొండేళ్ళుగా ఒకరి గాలి ఒకరికి పడదు.
తగాదా అంతా కలిపి
జానా బెత్తెడు.

ముక్కాలి స్టాండు నిలబెట్టి
దుర్భిణికి కన్ను ఆనించానో లేదో
వంటింటి కిటికీ తెరుచుకుంది.
"మూడయింది" అంది టొమ్మా.
ఇంకో అరగంటలో పనైపోతుందన్నాను.
అర్థంకాని భాషేదో విన్నట్టు చూసి
"మూడయింది" అంది మళ్ళీ.
కాలువ అవతల ఐలర్ట్
అప్పటికే బూట్ల బురద గడ్డికి రాస్తున్నాడు.

మాటలు ఆగిపోయాయి గానీ
టీ ఆగలేదట, ఆ పదకొండేళ్ళూ.
ఎర్ర గులాబీ గీసిన ఆ పింగాణీ కూజా వాళ్ళమ్మది.
పంపకాల్లో పొలం రెండయింది,
పశువులు రెండు మందలయ్యాయి,
కూజాను కోయడం మాత్రం ఎవరికీ చేతకాలేదు.
ఇప్పుడది బల్ల మధ్యన, కింద చిన్న దీపంతో,
పొదిగే కోడిలా కూర్చుంది.

ముందు కప్పులో కలకండ పలుకు,
కుంకుడుకాయంత.
దాని నెత్తిన నల్లటి, వేడి వేడి టీ.
"విను" అంది టొమ్మా.
చిటిక్.
గడ్డకట్టిన చెరువు మీద అడుగేస్తే
మంచు బీటవారే చప్పుడు, కానీ చీమకు వినిపించేంత.
ఐలర్ట్ కళ్ళు మూసుకుని విన్నాడు.
ఈ భూమ్మీద ఇద్దరూ ఒప్పుకునే సంగతి
అదొక్కటే కాబోలు.

తర్వాత మీగడ. పోయడం కాదు,
కప్పు అంచున జారవిడవడం,
గడియారం ముల్లుకి ఎదురుగా చెంచా తిప్పుతూ.
"ఎందుకలా?"
"పొద్దు కాసేపు నిలుస్తుందని అమ్మ అనేది.
నిలవదనుకో."
మీగడ మునిగింది, అడుగు తాకింది,
మబ్బై మెల్లగా పైకి లేచింది.
కిటికీ బయట కూడా అదే మబ్బు.

నేను హానోవర్ నుంచి వచ్చిన కాఫీ మనిషిని.
చెంచా తీసి గిరగిరా కలిపేశాను.

ఇల్లంతా చప్పుడు చచ్చిపోయింది.
పొయ్యి పక్కన పిల్లి కూడా నాకేసి చూసింది.
ఐలర్ట్ గొంతు సవరించుకుని
నాతోనే అన్నాడు, చూపు మాత్రం వేరేచోట:
"కలపకూడదు. కలిపితే అంతా ఒకటే రుచి.
ముందు మెత్తన, ఆ తర్వాత చేదు.
తీపి అట్టడుగున ఉంటుంది.
అక్కడిదాకా తాగాలి."

రెండో కప్పులో కొలతల మాట ఎత్తబోయాను.
బిస్కెట్ల పళ్ళెం నా నోటికి అడ్డమొచ్చింది.
మూడో కప్పులో వాన,
గిట్ట వాచిన గొర్రె,
మొన్నటి గాలికి ఎగిరిన ఫ్రెర్క్ వాళ్ళ పెంకులు.
అన్నీ నాకే చెప్పారు ఇద్దరూ.
ఇటు మాట అటు, అటు మాట ఇటు
నా మీదుగానే పారాయి.
ఆ గదిలో బోదెకాలువను నేనే.

మూడు కప్పులు తాగనిదే లేస్తే ఇక్కడ తప్పు.
చాలనుకున్నవాడు చెంచా కప్పులో పెట్టాలి,
నోటితో చాలంటే ఎవరికీ వినపడదు.
నేను పెట్టాను.
ఐలర్ట్ చెంచా సాసర్లోనే ఉంది.
టొమ్మా నాలుగోది పోసింది.
చిటిక్.
ఐదోది. చెంచా సాసర్లోనే.
ఆమె కూజా ఎత్తి, ఊపి చూసి,
ఏమీ అనకుండా
మళ్ళీ నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.

కొలిచానండీ, చీకటి పడేలోగానే.
జానెడు ఐలర్ట్‌ది, బెత్తెడు టొమ్మాది.
సంతకం పెట్టి చెరో కాగితం ఇచ్చాను.
ఆమె చదవలేదు. నాలుగు మడతలు వేసి
ఒక కాలు పొట్టిదైన టీబల్ల కింద దోపింది.
బల్ల ఇంకా ఊగుతూనే ఉంది.
ఐలర్ట్ జేబు తడుముకుని
తన కాగితమూ అందించాడు.