వైండింగ్

మిల్లు మూతపడ్డ పదకొండో నెలల
సర్కారు కాగితం వచ్చింది, కొత్త పని నేర్పిస్తమని.
ములుగు రోడ్డు ఐటీఐల రేకుల షెడ్డు కింద
నూటముప్పై మందిమి లైన్ల నిలబడ్డం.
బల్ల ఎనుక పోరడు నా సర్వీసు కాగితం చూసిండు.
"ఏ డిపార్ట్‌మెంటు?"
"వైండింగ్."
"ఇరవై రెండేండ్లా?"
"ఇరవై మూడు. బదిలీ కింద చేసిన ఏడాది రాసుకోలే."
తలకాయ ఎత్తకుంటనే టిక్కు పెట్టిండు:
మోటర్ వైండింగ్, తొంభై రోజులు.
మాట ఒక్కటైతే పని ఒక్కటే అనుకున్నడు.
నేను గూడ అట్లనే అనుకున్న.

వేలు పెడితేనే హాజరు.
హాజరుంటేనే దినానికి నూటయాభై.
నా వేలును చూసి మిషను ఎర్రగ మొత్తుకున్నది.
కడిగిన. తుడిచిన. కొంగుకు రుద్దిన.
బొటనవేలు మీద గీతలే లేవు,
పోగు ఉరికి ఉరికి అరిగి
చింతగింజ లెక్క నున్నగైంది.
"చిటికెన వేలు పెట్టి చూడమ్మా" అన్నడు సారు.
అది పలికింది.
పనికి రాని ఒక్క వేలు
నేను నేనే అని సాక్ష్యం చెప్పింది.

రాగి తీగ నాకు లొంగలే.
పోగు తెగితే రెండు కొసలు కలిపి ముడేసుడు
మాకు రెప్పపాటు.
తీగ తెగితే గీకాలె, మెలేయాలె,
టంకం పెట్టాలె, గొట్టం తొడగాలె.
నా వేళ్లు వినలే. తీగకు ముడేసినయి.
విరిగింది.
మల్ల ముడేసినయి.

పక్క బల్ల మీద కార్డింగ్ యాకయ్య.
దూది దుమ్ము ఆయన రొమ్ములనే ఉండిపోయింది.
నలభై ఒకటి, నలభై రెండు, దగ్గు,
మల్ల ఒకటి, రెండు.

కుడికాల రాజీరు నాలుగో వారం రాలే.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోస్తుండట.
నేర్చుకునేదాక తినాలె గద, అన్నడట.
రిజిస్టర్ల ఆయన పేరు పిలుస్తనే ఉన్నరు.

యాభై రెండో రోజు
నర్సంపేట దిక్కు రైతొకాయన కాలిన మోటరు తెచ్చిండు.
లోపలంత మాడిన మక్కకంకి.
పాత తీగ పీకి, గాడిల కాగితం పరిచి,
కొత్త చుట్టలు కూరి, వెదురు చీలికలు దిగ్గొట్టినం.
ఇగ అంచులు కట్టాలె.
సారు నా ముంగట దారపుండ ఏసిండు.

నూలు.

ఎవరు చూడకుంట వాసన చూసిన.
తర్వాత నా చేతులు నన్ను అడగలే.
సందుల దూర్చి, గుంజి, ముడేసి,
కత్తెర లేకుంటనే కొస తెంపి, మల్ల దూర్చి.
సారుది మా చిన్నోని ఈడు.
చాయ్ గిలాస పట్టుకొని అట్లనే నిలవడ్డడు.
"ఆ ముడి మల్లొకసారి వెయ్యమ్మా, మెల్లగ."
మెల్లగ నాకు రాదు.
ఉరికే బాబిన్ మీద నేర్చుకున్న ముడి,
ఆపి చూపుమంటే చేతికి యాదికి రాదు.

కరెంటిస్తే మోటరు ఉల్టా తిరిగింది.
అందరు నవ్విండ్రు.
యాకయ్యది నవ్వో దగ్గో తెల్వలే.
రెండు తీగలు మార్చేస్తే సక్కగైతదట.
మార్చిండు. అయింది.
మోటరుకు గంత అల్కగ.

సర్టిఫికెటు వచ్చింది.
సాంబలక్ష్మిల ఒక అక్షరం తక్కువ.
రెండు నెలల పైసలు పడ్డయి, మూడోది పడలే.
హంటర్ రోడ్డు మీద మెకానిక్ దుకాణపాయన
కాగితం ఇటు తిప్పి అటు తిప్పి
"ఇంట్ల మొగోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నడు.
"మోటర్లున్నయా?" అన్న.

గోడ పొంటి కుప్ప చూపెట్టిండు.
"అంచులు కడుతవా? ఒక్కోదానికి ముప్పై."
నలభై అన్న.
ముప్పై అయిదన్నడు.
దారపుండల కొస యాడున్నదో
దేవులాడుకుంట
కూసున్న.