రెండు విజిళ్లు

ప్లాస్టిక్ డబ్బాలో మూడు గదులు, గదికొక గోలీ.
గొట్టం నోట్లో పెట్టుకుని లోపలికి పీల్చాలి.
మొదటిది లేచింది.
రెండోది కదిలినట్టే కదిలి కూలబడింది.
మూడోది నన్నసలు లెక్కచెయ్యలేదు.

"ఊదకండి తాతా, పీల్చండి" అంటుంది షెర్లిన్.
నాగర్‌కోయిల్ పిల్ల, అంకెలన్నీ తమిళంలోనే.
పెరంబూరు హైరోడ్డులో మందుల షాపు మీది మేడ,
ఫ్యాను కింద మేం నలుగురం వణుకుగాళ్లం.

అదేం చిత్రమో, నేను ఊదినవాణ్ణి,
పీల్చినవాణ్ణి కాదు.
ముప్పై ఒక్క ఏళ్లు
ఇరవై తొమ్మిది సి బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి
ఒక విజిలు: ఆగు.
రెండు విజిళ్లు: పోనీ.
స్టెర్లింగ్ రోడ్డులో ఊదితే జెమినీ వంతెన మీద వినపడుతుందనేవాడు
డ్రైవరు అంతోణి.
అబద్ధమే. వినడానికి బాగుండేది.

ఇప్పుడు "టీ" అంటే
ధనకోటి వంటింట్లోంచి వచ్చి
నా పెదాలకు చెవి ఆనిస్తుంది.
నలభై ఆరేళ్ల కాపురంలో
ఇంత దగ్గరగా ఎప్పుడు విన్నది నా మాట!

చేతి వణుకు బజారంతా చూస్తుంది.
పక్కటెముకల బిగుసు ఎవరికీ కనపడదు.
తుప్పుపట్టిన షట్టరది,
సగందాకా లేచి
అక్కడే నిలుస్తుంది.

షెర్లిన్ నా పక్కల మీద అరచేతులు ఆనించి
"నా చేతుల్ని తోసెయ్యండి" అంటుంది.
తోస్తాను.
కర్ర రెండు చేతులా పట్టుకుని పైకి, గాలి లోపలికి.
దించుతూ, గాలి బయటికి,
వేడి రసం ఊదుకున్నట్టు మెల్లగా.
కర్ర పైకెత్తినప్పుడల్లా
బస్సు కమ్మీ పట్టుకున్నట్టే ఉంటుంది,
చంకలో తోలుసంచి, వేళ్ల సందుల్లో
నిలువునా మడిచిన నోట్లు.

"ఆ..." అని ఎంతసేపు సాగదీస్తే అంత మంచిదట.
బ్యాంకులో చేసిన తాయారమ్మగారు పన్నెండు సెకన్లు.
నాది ఐదు.
కాగితం మీద షెర్లిన్ ఆరు రాసింది.
చూశాను. ఏమీ అనలేదు.

పదకొండున్నరకి మాత్ర దిగిపోతూ ఉంది.
వెళ్లబోతూ గడప దగ్గర
నా పాదాలు నేలకి అతుక్కుపోయాయి.
వెనక ఎవరో చెప్పులు వెతుక్కుంటున్నారు.
చొక్కా జేబులోంచి పాత విజిలు తీశాను,
పక్కటెముకలు రెండూ విచ్చి, నేర్పినట్టే పీల్చి
ఊదాను.
ఉమ్మి తప్ప ఏం రాలేదు.
లోపలి బఠాణీ కూడా తిరగలేదు.

ధనకోటి దాన్ని లాక్కుని,
పమిటచెంగుతో తుడిచి,
తన నోట పెట్టుకుని
రెండు.

మెట్లకింద ఆటోవాడు తలెత్తి చూశాడు.
నా ఎడమకాలు గడప దాటింది.

"టికెట్ తీసుకున్నావా?" అన్నాను.
"ఏంటీ?" అంది.
మళ్లీ అనాలంటే ఊపిరి కూడబెట్టాలి.
ఉండు,
ఈ పద్నాలుగు మెట్లూ దిగనీ.