బూడిదరంగు మీట

సోంపేటలో పొద్దున్న ఏడుకే ఉక్క.
డయాలసిస్ వార్డు పక్కగదిలో
కొత్త కంప్యూటర్, నేల మీద థర్మోకోల్ రవ్వలు.
నాకప్పగించిన పని చిన్నదే:
దాన్ని లేపి కూర్చోబెట్టడం,
పాత పేర్లన్నీ అందులోకి ఎక్కించడం.

ముందు పలకరించింది.
భాష ఏదని అడిగింది. తెలుగన్నాను.
ఆ తర్వాత నీలం తెర మీద, మర్యాదగా:
మీ పరికరం ఆరోగ్యం గురించి
మాకు ఎప్పటికప్పుడు తెలియజేయమంటారా?
డయాగ్నొస్టిక్ డేటా.
కొంత తప్పనిసరి, కొంత మీ ఇష్టం.

నవ్వొచ్చింది.
ఉద్దానంలో పుట్టినదాన్ని,
నాకా చెబుతోంది డయాగ్నొస్టిక్ అంటే ఏమిటో!
పన్నెండో ఎక్కం రాకముందే
క్రియాటినిన్ ఎంతుంటే భయపడాలో నాకు తెలుసు.
మా పెదనాన్న కొడుక్కి సంబంధమొస్తే
పిల్ల తరఫువాళ్లు జాతకం అడగలేదు,
రిపోర్టు అడిగారు.

మా వీధికి ఎంతమంది వచ్చారో లెక్కలేదు.
సీసాల్లో బావినీళ్లు పట్టుకెళ్లారు,
సంచుల్లో మట్టి పట్టుకెళ్లారు,
జీడితోటలో వరసగా నిలబెట్టి రక్తం పట్టుకెళ్లారు.
మా అమ్మ చేత వేలిముద్ర వేయించిన కాగితంలో
ఏం రాసుందో ఎవరూ చదివి చెప్పలేదు.
ఆవిడ మోచేతి మీది దూదిని
రెండు రోజులు తీయలేదు,
తీస్తే ఫలితం తప్పొస్తుందేమోనని.

ఇదేమో అడుగుతోంది.
ఒక్కో మీటకీ ఒక్కో సంజాయిషీ ఇస్తోంది.
మీరెక్కడున్నారో చూడమంటారా?
వద్దు.
మీరు టైపుచేసే తీరు నేర్చుకోమంటారా?
నా టైపులో ఏముంది,
కవిటి, కంచిలి, బారువ,
వయసు ముప్పై ఎనిమిది, వృత్తి కొబ్బరి వలుపు,
వయసు నలభై ఒకటి, వృత్తి పిక్కల బట్టీ.
ఏ పేరు దగ్గర నా వేళ్లు ఆగుతాయో
ఎక్కడో ఉన్న సర్వరుకెందుకు? వద్దు.
మీకు తగిన ప్రకటనలు చూపమంటారా?
ఇక్కడ కాసేపు ఆగాను.
మాకు తగిన ప్రకటన ఏదై ఉంటుందా అని.

"ఏటి పాపా, దాన్నేటడుగుతన్నావు?"
గుమ్మంలో దండాసి మావయ్య.
మంచం ఖాళీ అయ్యేదాకా ఆయనకి ఈ గుమ్మమే కుర్చీ.
ఎడమచేతి మీద ఫిస్టులా తాడులా ఉబ్బింది.
"నేను కాదు మావయ్యా, అదే నన్నడుగుతోంది,
దానికి ఒంట్లో బాగోకపోతే కంపెనీకి చెప్పుకోవచ్చా అని."
"సెప్తే ఏటవుతాది?"
"బాగుచేస్తారట."
పక్కింటి పిల్లాడికి ఉద్యోగమొచ్చిందని విన్నట్టు
తెర వైపు చూశాడు.
"మరి సెప్పనీయ్.
దానికైనా బాగవనీ."

అన్నీ ఆపేశాను. ఒక్కటి మిగిలింది.
తప్పనిసరి అన్న మీట బూడిదరంగులో ఉంది,
ఎన్నిసార్లు నొక్కినా కదల్లేదు.
దాని మీద కోపం తెచ్చుకోబోయి
పాత కంప్యూటర్లో నా పంపిన మెయిళ్లు చూశాను.
పోయిన నెల పద్దెనిమిది.
ఎవరో సర్వే అని ఫోన్ చేస్తే
రెండు వందల పన్నెండు మంది పేర్లు,
ఫోన్ నంబర్లు, రక్తం లెక్కలు,
టీ చల్లారేలోగా పంపేశాను.
ఎవరికీ ఏ నీలం తెరా చూపించలేదు.

"మావయ్యా," అన్నాను, గొంతు నాదిలా లేదు,
"నీ వివరాలు బయటివాళ్లకి ఇవ్వొచ్చా?"
"ఎవులికి?"
"తెలీదు."
"దేనికి?"
"అదీ సరిగ్గా తెలీదు."
తల గోక్కున్నాడు. చాలాసేపు పట్టింది,
ఈ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగనట్టు.
"అయితే ఒద్దులే."
లోపల నర్సు పిలిస్తే చెప్పులు విడిచి వెళ్లిపోయాడు.

కొత్త షీటులో ఒక గడి ఎక్కువ కలిపాను.
దండాసి వరసలో 'వద్దు' అని కొట్టాను.
ఇంకా రెండు వందల పదకొండు మందిని అడగాలి.
వాళ్లలో తొమ్మండుగురు
ఇప్పుడు అడిగినా చెప్పలేరు.