చెల్లని బిళ్ళలు

సొలొలాకి పేటలో లిఫ్టెక్కాలంటే
ఇరవై తెత్రీల బిళ్ళ వెయ్యాలి.
ఊరికే మొయ్యదు, అదీ మనలాంటిదే.
నెలాఖరున ఆ పెట్టెలు విప్పి లెక్కపెట్టేది నేను.
పేరు వాజా. తాళంచెవులు నలభై మూడు,
పనిచేసే మోకాలు ఒకటి.

ఇక్కడ దయ్యం లేని మేడకి పరువు తక్కువ.
కొండమెట్ల మూలనున్న పచ్చమేడలో
రాత్రిళ్ళు పియానో మూత తెరుచుకుంటుందట.
కరెంటు లేని ఆ తొంభైల చలికాలంలో
ఆ పియానోని గొడ్డలితో చీల్చి
పొయ్యిలో పెట్టారన్నది వేరే సంగతి.
రొట్టెల బట్టీ పై గదిలో
అర్మేనియన్ కోడలొకతె
తోళ్ళ వ్యాపారి మామగారి కోసం
ఇప్పటికీ నీళ్ళు కాస్తుందట.
ఆమెనెవరూ చూళ్ళేదు.
గోడ మాత్రం ఏడాది పొడుగునా చెమరుస్తుంది,
ముగ్గురు ప్లంబర్లు చేతులెత్తేశారు.

మా పదకొండో నంబరు దయ్యానికి
అంత ఆర్భాటం లేదు.
రాత్రి రెండు దాటాక లిఫ్టు
నాలుగో అంతస్తుకి పోతుంది.
తలుపు తీసుకుంటుంది.
ఎవరూ దిగరు.
అంతే.
పెట్టె విప్పితే మాత్రం
నా తెత్రీల మధ్య పదిహేను కోపెక్కుల బిళ్ళలు,
ఇప్పుడు లేని దేశానివి,
ఎవరో పళ్ళపొడితో తోమినట్టు మెరుస్తూ.
ఆ పాత యంత్రానికి బరువు ముఖ్యం,
రాజ్యం కాదు.

"అది మిహ్రాన్" అంది నాలుగో అంతస్తు గులికో,
పచ్చి అక్రోటుకాయల మురబ్బా నా ముందుకి తోస్తూ.
"ఈ మేడ కట్టించినవాడు.
సొంత మేడలోనే ఒక్క గదిలో సర్దుకున్నాడు పాపం.
ముప్పై ఏడులో ఒక రాత్రి వచ్చి
బూట్లు కూడా తొడుక్కోనివ్వకుండా తీసుకుపోయారు.
అందుకే అడుగుల చప్పుడు వినిపించదు."

అప్పట్లో లిఫ్టు లేదు కదా అన్నాను.

"ఏం, దయ్యాలకి మోకాళ్ళ నొప్పులుండవా?"

మేడని హోటలు చేస్తామని
కంపెనీ వాళ్ళు టేపు పట్టుకొచ్చినప్పుడూ
ఇదే కథ, ఇదే మురబ్బా.
ఇంజనీరమ్మ నవ్వింది.
ఆమె డ్రైవరు మాత్రం
రెండోసారి గడప దాటలేదు.

ఒక రాత్రి ఉండబట్టలేక
మెట్ల కింద చీపుళ్ళ గదిలో దాక్కున్నాను.
రెండయింది.
ఉన్ని మేజోళ్ళతో, చెప్పుల్లేకుండా,
గోడ పట్టుకుని దిగివచ్చింది గులికో.
బిళ్ళ వేసింది. నాలుగు నొక్కింది.
చెయ్యి వెనక్కి తీసుకుని
ఖాళీ లిఫ్టుని పైకి పంపించింది.
తరవాత మెట్లెక్కింది. ఎనభై ఎనిమిది మెట్లు.
రెండో అంతస్తులో ఆగి
చాలాసేపు ఊపిరి వెతుక్కుంది.
నేను కిక్కురుమనలేదు.
మర్నాడు కనబడి, "రాత్రి మళ్ళీ వచ్చాడు" అంటే
"అవునా" అన్నాను.

మార్చిలో పోయింది.
శవపేటిక లిఫ్టులో పట్టలేదు,
మెట్ల మీద నుంచే దించాం,
రెండో అంతస్తులో ఎవరూ చెప్పకుండానే ఆగాం.
ఆమె వంటింటి అలమరలో
టీ డబ్బా నిండా కోపెక్కులు.
ఒకటి తీసుకున్నాను. దొంగతనమంటే దొంగతనమే.
నెల తిరక్కుండానే ఒక రాత్రి
అది వేశాను, నాలుగు నొక్కాను,
ఖాళీ లిఫ్టుకి తలుపు వేశాను.

నెలాఖరున పెట్టె విప్పితే
ఒకటి కాదు. ఎనిమిది.

మేడలో ఇప్పుడు మిగిలింది ఆరిళ్ళు.
రెండోదాంట్లో అనహీత్ నా కళ్ళలోకి చూడలేదు.
మూడోదాంట్లో ఒతారి అడక్కుండానే,
"రాత్రిళ్ళు నాకు మొద్దునిద్ర" అన్నాడు.
తలుపు తలుపుకీ ఒకటి చొప్పున వేసుకున్నా ఆరు.
నాదొకటి.
వేళ్ళ మీద లెక్కపెట్టాను.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను.

పుస్తకంలో రాశాను:
చెల్లనివి, ఎనిమిది.
సంతకం పెట్టాను.
లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది, ఎక్కలేదు.
బూట్లు విప్పి చేత్తో పట్టుకుని
మెట్ల మీదుగా దిగాను.