తల్లి పేరు దగ్గర గీత

హిల్డా థ్రెల్‌ఫాల్ గారికి తాతల పిచ్చి.
నాకు పాత కాగితాల పిచ్చి;
ముప్ఫై ఒక్కేళ్ళు తాలూకాఫీసు రికార్డు గదిలో
దుమ్ము తిన్నవాణ్ణి.
ఆవిడ లింకన్‌షైర్‌లో, నేను విజయనగరం కంటోన్మెంటులో.
మధ్యన ఇసాకు అనే సార్జెంటు
చచ్చి నూట అరవై ఏళ్ళు దాటాక
మా ఇద్దరికీ చుట్టరికం కలిపాడు.

ఆవిడ పంపిన నకళ్ళు బల్ల మీద పరిచాను.
1841 జనాభా లెక్క. ఇల్లిల్లూ తిరిగి రాశారు.
తండ్రి చెప్పులు కుడతాడు. తల్లి హానా.
పిల్లలు అయిదుగురు, పెద్దవాడు ఇసాకు, పద్నాలుగు.
పెద్దల వయసులు అయిదుల లెక్కన తగ్గించి వేసేవారట,
ముప్ఫై తొమ్మిదైనా ముప్ఫై అయిదే.
నవ్వొచ్చింది. మా బడి హెడ్మాస్టరూ అంతే,
మా వీధి వీధంతటినీ
జూలై ఒకటో తారీకున పుట్టించాడు.

1851లో ఇసాకు లేడు.
హానా ఉంది: విధవ, చాకిరేవు పని.
1861లో ఆ ఇంట్లోనే కొత్త వరస:
మనవరాలు మేరీ, ఏడేళ్ళు,
పుట్టిన చోటు ఈస్టిండీస్.
అంతే. సముద్రం ఇవతలదంతా ఒకటే ఊరు.

మనల్నీ లెక్కపెట్టారు, 1871లో.
పేర్లున్న కాగితాలు ఏ పొయ్యిలోకి పోయాయో,
మిగిలింది కూడిక.
చెప్పులు కుట్టినాయనకి అక్కడొక పేరుంది.
మా ముత్తాత
ఒక మొత్తంలో ఎక్కడో
ఒకటి.

చర్చి తాళాలు రూతమ్మ కొంగున ఉంటాయి.
"ఏటి బాబూ, ఆ దొర సిక్కినాడా?"
నాలుగు నెలలుగా అదే ప్రశ్న.
చిక్కాడు, ఆగస్టులో, వాన పడుతుంటే.
బాప్తిస్మాల పుస్తకం, 1853, చెదలు వదిలిన సగం పేజీ:
బిడ్డ మేరీ.
తండ్రి ఇసాకు థ్రెల్‌ఫాల్, సార్జెంటు.
తల్లి

అక్కడొక గీత.

అద్దం పెట్టి చూశాను.
గీత మొదట్లో సిరా ముద్దకట్టి ఉంది.
రాసినవాడు ఆగాడు. అంటే పేరు విన్నాడు.
ఒక అక్షరం ఎత్తుకుని, స్పెల్లింగు కుదరక
పక్కకి లాగేశాడు.
"రాయడానికి సెయ్యి రాలేదేటి?" అంది రూతమ్మ
నా భుజం మీంచి తొంగిచూసి.

పుస్తకం మూస్తే దుమ్ము లేచింది.
రూతమ్మ చంకలో మనవడు తుమ్మాడు.
"సిరంజీవ" అంది, వీపు నిమిరి,
తాళాలు వెతుక్కుంటూ.

నేను మెట్ల మీద కూలబడ్డాను.

హిల్డా మొదటి ఉత్తరం అడుగున, సంతకం కింద,
చిన్న అక్షరాలతో ఒక ముక్క ఉంది.
మా ఇంట్లో పసివాళ్ళు తుమ్మితే ఒక మాటంటాం,
మేరీ నుంచి వస్తోందని మా అమ్మ చెప్పేది,
అర్థం ఎవరికీ తెలీదు, మీకేమైనా తెలుసా?
కూడబలుక్కుని చదివితే: సిరంజీ.
నేనేమో ఇంజెక్షను సూది అనుకున్నాను.
ఏ నర్సమ్మ కథో అని వదిలేశాను.

ఆరేళ్ళ పిల్ల ఓడెక్కింది.
అమ్మ పేరు తెచ్చుకుందో లేదో,
ముక్కులో నీళ్ళు, చెవిలో ఈ మాట.
అదీ చ కాదు, స.
పంతుళ్ళ ఇళ్ళలో అనే స కాదది.
మెంటాడ వైపు మడిచెక్కల్లో
వంగి కలుపు తీసే నోళ్ళది.

మా అమ్మదీ.

నాకు చ నేర్పింది బెత్తం.
సెరువు కాదురా చెరువు, సెయ్యి కాదురా చెయ్యి,
అరచేతులు వాచేదాకా.
ఇప్పుడు తప్పు లేకుండా మాట్లాడతాను.
మా అమ్మమ్మ అమ్మ పేరేమిటని ఎవరైనా అడిగితే
నా దగ్గరా గీతే.

తెలుగు అక్షరాల్లో రాసి పంపమంది హిల్డా,
గోడకి తగిలించుకుంటుందట.
చిరంజీవ, అని రాశాను, గుండ్రంగా.
కాసేపు చూశాను.
కాగితం చింపి
మళ్ళీ
స దగ్గర మొదలుపెట్టాను.