ఎసరు

వైట్ క్లిఫ్స్‌లో జనం నేల కింద ఉంటారు.
ఓపల్ కోసం తవ్విన గుంతల్లోనే
వంటిల్లు, పడకగది, పిల్లల సైకిళ్ళు.
ఎండకి జడిసి మనుషులు దిగిపోయిన ఊళ్ళో
ఎండకి ఎదురు నిలబడ్డవి పద్నాలుగు గిన్నెలు,
మూడు నిలువుల వెడల్పు, లోపలంతా అద్దం పెంకులు.

నేనొచ్చింది వాటికోసం కాదు.
మోటెల్ కప్పు మీద ఇరవైరెండు పలకలు బిగించడానికి.
కప్పంటే ఇక్కడ గుట్టే.
క్లెమ్ హారిగన్ ఫ్లాస్కుతో ఎక్కొచ్చి
నా పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు.
ఎనభై రెండేళ్ళు. చేతి మీద పాత బొబ్బల మచ్చలు.

"అప్పుడు ఆవిరి" అన్నాడు.
"గిన్నెలు పొద్దుతోపాటు మెడ తిప్పేవి.
నడిమధ్య గొట్టంలో నీళ్ళు కుతకుతలాడి
డీజిల్ మరిచిన ఇంజన్ని ఎగదన్నేవి.
కరెంటు
ఊరంతటికీ వినిపించేది."

నా పలకలకి మరగడం తెలీదు.
వడియాలు పెట్టిన చీరలా పరుచుకుని పడుంటాయి.
వెలుతురు తాకితే లోపల
కంటికానని దేదో ఒక్క అడుగు జరుగుతుంది,
అంతే.
వేడెక్కితే పైగా నీరసిస్తాయి.
వెలుగు కావాలి, సెగ వద్దు,
అచ్చం ఈ ఊరివాళ్ళే.

"మబ్బేస్తే?"
"కొంచెం తగ్గుతుంది. మసకలోనూ ఎంతో కొంత ఇస్తాయి."
"నా గిన్నెలకి మసక పనికిరాదు.
సూర్యుడు మొహంలో మొహం పెట్టి చూడాలి.
మబ్బు పోయాక మళ్ళీ మొదట్నుంచీ
ఎసరు పెట్టుకోవాలి."

తర్వాత్తర్వాత ఆ గిన్నెల్లోనే
నా పలకల చుట్టాల్ని కూర్చోబెట్టారట.
ఇంజన్ని ఆపేసిన రోజు
కుక్కలు మొరిగాయట, ఏమీ వినపడక.

"ఆవిరికి రోజూ ఓ మనిషి కావాలి.
నీ వాటికి?"
"ఎవరూ అక్కర్లేదు" అన్నాను,
కొనేవాళ్ళకి చెప్పే గొంతుతోనే,
"అప్పుడప్పుడూ దుమ్ము తుడిస్తే చాలు."
అన్నాక నా మాట నాకే వినపడింది.

అతనేం అనలేదు.
మిగిలిన టీ ఎర్రమట్టిలో ఒంపి
చొక్కా చేత్తో ఒక పలక మూల తుడిచాడు.
నేను తుడిచిన పలకే.

సాయంత్రం నాలుగుంబావుకి
ఇన్వర్టర్ మీద పచ్చదీపం వెలిగింది.
నేను వైర్లు చుట్టుకుంటున్నాను.
క్లెమ్ వంగి, టోపీ తీసి,
ఆ తెల్లపెట్టెకి చెవి ఆనించాడు
చాలాసేపు.

"సన్నగా ఏదో ఉంది" అన్నాడు.

అది ఫ్యాను.
చెప్పలేదు.